విజిల్ పడందే కదలని చదువు

పిల్లలకి స్వీయ నియంత్రణ ఉండాలని మొదట ఎవరన్నారో గానీ, వాళ్ళకి పిల్లలు ఉండి ఉండరు!

ఉంటే ఆ మాట అంటారా? తనంతట తానే నిద్ర లేచి, ఎప్పుడు పుస్తకం తెరవాలో ఎప్పుడు మూయాలో తానే తేల్చుకునే పిల్ల ఒకతె ఇంట్లో ఉందనుకోండి. ఇక తల్లిదండ్రులు పొద్దున్నే లేచి ఏం చేయాలి? ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలా? పెళ్ళయిన ఇన్నేళ్ళకి అదెంత కష్టమో మీకు నేను చెప్పాలా?

అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను. నియంత్రణా, పట్టుదలా, తనమీద తనకి నమ్మకం, ఇలాంటి విలువైన వస్తువులు పిల్లల దగ్గర ఉండకూడదు. బంగారం పిల్లల చేతికిస్తామా? బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఇదీ అంతే. వాళ్ళు పెద్దయ్యాక, వాళ్ళకి పిల్లలు పుట్టాక, ఆ పిల్లల మీద వాడుకోవడానికి తీసి ఇవ్వొచ్చు.

దేవుడి దయవల్ల లోకం ఈ సంగతి బాగానే గ్రహించింది.

మా వీధి చివరి బడిలో ‘స్వయంగా చదువుకునే పీరియడ్’ అని కొత్తగా పెట్టారు. ఏ పుస్తకం స్వయంగా చదవాలో బోర్డు మీద రాస్తారు. ఎన్నో పేజీ దగ్గర స్వయంగా ఆపాలో అది కూడా రాస్తారు. ఇద్దరు టీచర్లు వరసల మధ్య తిరుగుతూ కాపలా కాస్తారు. మొన్న ఒకడు బుర్ర ఉపయోగించి, తనకి రాని లెక్క ఒకటి పక్క పుస్తకంలోంచి తీసి చేయబోయాడట, స్వయంగా! వరండాలో నిలబెట్టారు.

కళ్ళజోళ్ళ షాపాయన కొడుక్కి ఫోన్లో ఏకాగ్రత యాప్ ఉంది. వాడు చదువులో మునిగిపోయాడో లేదో అది టింగుమని మోగి, “శభాష్! నువ్వు ఏకాగ్రతగా ఉన్నావు!” అని చెబుతుంది. వాడు ఉలిక్కిపడి, యాప్‌కి థాంక్స్ నొక్కి, మళ్ళీ మొదటి పేరా నుంచి మొదలుపెడతాడు. ఏడాదిగా వాడు మొదటి పేరాలోనే ఉన్నాడు. కానీ ఎంత ఏకాగ్రతగా ఉన్నాడనుకున్నారు!

దర్జీ ఆవిడ తన కొడుకు టైంటేబుల్‌ని కొలతలు తీసి కత్తిరించింది. ఎక్కడా లూజు వదల్లేదు. తుమ్ముకి కూడా సందు లేదు. “కాస్త లూజు పెట్టవమ్మా, పెరిగే పిల్లాడు” అన్నాన్నేను. “లూజు పెడితే జారిపోతాడండీ” అంది. పనిమంతురాలి మాట, కాదనగలమా?

అయితే ఇవన్నీ చిల్లర ఉదాహరణలు. అసలైన ఆదర్శం చూడాలంటే మా మెట్లెక్కి, మా ఎదురు తలుపు తట్టండి. మెల్లగా తట్టండి. లోపల చదువు నడుస్తూ ఉంటుంది.

అది డిపో కంట్రోలర్ గారి ఇల్లు.

కంట్రోలర్ అంటే బస్సుల డిపోలో గేటు పక్క అద్దాల గదిలో కూర్చునే మనిషి. డ్రైవరు సీట్లో కూర్చున్నా, ఇంజను గుర్రుమంటున్నా, లోపల జనం కిటకిటలాడుతున్నా, ఈయన విజిల్ పడందే చక్రం కదలదు. ఒక పొడుగు విజిల్ వేస్తే బయల్దేరమని. రెండు పొట్టి విజిళ్ళు వేస్తే, “చాల్లే, వెనక బండి వస్తోంది, అక్కణ్ణించి జరుగు” అని. సర్వీసంతా ఈ రెండు ముక్కలతోనే నెట్టుకొచ్చాడు. ఒక్క బస్సూ ఎదురు చెప్పలేదు.

ఆయనకి ఒక్కతే కూతురు. ఇంట్లో అందరూ చిట్టి అంటారు. బడిలో ఆఖరి తరగతికి వచ్చింది. ఆ తరగతి చివర వచ్చే పెద్ద పరీక్ష గట్టెక్కితే కాలేజీలో మొక్కల చదువు చదవాలని దాని కోరిక. బాల్కనీలో పాత డబ్బాల్లో ఏవో మొక్కలు పెంచుతుంది. ఎప్పుడు నీళ్ళు పోస్తుందో, ఎప్పుడు మట్టి మారుస్తుందో ఎవరికీ తెలియదు. టైంటేబుల్లో ఆ పని లేదు. అయినా అవి ఎలా బతుకుతున్నాయో భగవంతుడికే తెలియాలి.

చిట్టి ఆఖరి తరగతిలో అడుగు పెట్టిన రోజున, కంట్రోలర్ గారు దేవుడికి దండం పెట్టుకుని, విజిల్ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో చదువు డిపో చదువైంది. పొడుగు విజిల్ పడితే చిట్టి పుస్తకం తెరవాలి. రెండు పొట్టి విజిళ్ళు పడితే చదువుతున్నది ఎక్కడున్నా వదిలేసి పక్కదానికి వెళ్ళాలి. ఫిజిక్స్ మీద మనసు కుదిరిందని అక్కడే కూర్చుంటే, వెనక కెమిస్ట్రీ వచ్చి ఆగి హారన్ కొట్టదూ?

“ఒరే, ఇది ఇల్లనుకున్నావా, బస్టాండనుకున్నావా?” అంది ఆయన తల్లి, అంటే చిట్టి నానమ్మ.

“బస్సులు టైంకి వెళ్తున్నాయా లేదా అమ్మా?”

“వెళ్తున్నాయి నాయనా. సాయంత్రానికి తిరిగి షెడ్డుకే వస్తున్నాయి. వెళ్ళి అవి నేర్చుకున్నదేముంది?”

పెద్దావిడ, పాతకాలం మనిషి. ఆవిడ మాట మనం పట్టించుకోనక్కర్లేదు.

ఒక్కసారి ఈ పద్ధతిలోని లాభాలు చూడండి! చదివేది ఒక్క పిల్ల. పని మాత్రం ఇంటిల్లిపాదికీ దొరికింది. చిట్టి స్నానం చేస్తుంటే కాలం వృథా కాకుండా, తల్లి స్నానాల గది తలుపు బయట స్టూలు వేసుకుని పాఠం పైకి చదివేది. లోపల నీళ్ళ చప్పుడుకి చిట్టికి ఏం వినపడిందో గానీ, తల్లికి మాత్రం న్యూటన్ సూత్రాలు మూడూ నోటికొచ్చాయి. కూరలబ్బాయి తక్కువ తూచితే, “చర్యకి ప్రతిచర్య ఉంటుంది జాగ్రత్త” అని వాణ్ణి హడలగొట్టింది.

చిట్టి ఫోను నానమ్మ దిండు కింద డిపాజిట్ చేశారు. పిల్ల ఫోను చూడకుండా నిగ్రహం అలవాటు కావాలి కదా! చిట్టికి చక్కగా అలవాటైంది. నానమ్మ నిగ్రహమే నెలతిరక్కుండా కొట్టుకుపోయింది. ఇప్పుడావిడ భోజనానికి పిలిస్తే, “ఈ వీడియో అవనియ్యవే” అంటుంది.

ఇక కంట్రోలర్ గారి సంగతి. డ్యూటీ దిగి ఇంటికొచ్చి మళ్ళీ డ్యూటీ. చిట్టి ఎప్పుడైనా, “నాన్నా, ఈ పాఠం ఇంకొంచెం చదువుతాను, ఇప్పుడే అర్థమవుతోంది” అంటే ఆయనకి నవ్వొచ్చేది. “అర్థమవడం నీ పని కాదమ్మా, టైంకి కదలడం నీ పని. అర్థం దానంతటదే వెనక బస్సులో వస్తుంది.”

ఎంత చక్కటి మాట! ప్రతి బడి గోడ మీదా రాయించుకోవలసిన మాట!

ఇంత చేసినా, పెద్ద పరీక్షకి ముందు పెట్టే రిహార్సల్ పరీక్షలో ఒక విచిత్రం జరిగింది.

ఆ పరీక్ష బడిలో పెట్టలేదు. పెద్ద పరీక్ష ఎక్కడ జరుగుతుందో అక్కడే అలవాటు కావాలని, నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న పెద్ద భవనంలో పెట్టారు. రెండో అంతస్తు. కిటికీ పక్క బల్ల. మార్కులొచ్చాక క్లాసు టీచరమ్మ కంట్రోలర్ గారిని పిలిపించింది. పేపరు ముందు పెట్టి, దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

“మీ అమ్మాయి ఒక్క తప్పు రాయలేదండీ.”

ఆయన మొహం వెలిగిపోయింది. “విజిల్ చదువండీ! మరి మార్కులు...”

“ఒక్క జవాబూ పూర్తిచెయ్యలేదు కూడా.”

“అంటే?”

“అన్ని ప్రశ్నలూ మొదలెట్టింది. అన్నీ మధ్యలో వదిలేసింది. ఇది చూడండి. ‘మొక్కలు తమకి కావలసిన ఆహారాన్ని తామే’ అని రాసింది. అంతే. తామే ఏంటండీ?”

“తయారుచేసుకుంటాయి!” అన్నాడు కంట్రోలర్ గారు టక్కున. ఏడాదంతా పక్కన కూర్చున్న మనిషి కదా.

“మీకు వచ్చు. తనకీ వచ్చు. పేపరు మీదే లేదు. ఇది చదువు లోపం కాదండీ, తనమీద తనకి నమ్మకం లేక ఇలా అయ్యుంటుంది. మా దగ్గర అందుకో సార్ ఉన్నారు. ఆయన్ని కలవండి.”

ఆ సార్‌ని పిల్లలు కాన్ఫిడెన్స్ సార్ అంటారు. టై కట్టుకుని, గదిలో కూర్చునే తీరిక లేనట్టు నిలబడే మాట్లాడతాడు. నమ్మకం కూర్చుంటే రాదట.

“సక్సెస్ అనేది బయటనుంచి రాదు సార్! లోపల్నుంచి వస్తుంది!” అన్నాడాయన గుండె మీద గుద్దుకుంటూ.

“సరే సార్. బయల్దేరే టైమెంత?” అన్నాడు కంట్రోలర్ గారు.

కాన్ఫిడెన్స్ సార్ టై సర్దుకున్నాడు. ఆయన సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తేరుకుని, రోజూ పొద్దున్నే చిట్టిని అద్దం ముందు నిలబెట్టి, “నేను సాధించగలను” అని గట్టిగా అనిపించమన్నాడు. మందు చీటీ రాసినట్టే చెప్పాడు. పరగడుపున అనాలట.

మర్నాటి నుంచీ పొడుగు విజిల్ పడగానే చిట్టి అద్దం ముందు నిలబడేది. వెనకాల కంట్రోలర్ గారు నిలబడేవాడు. అద్దంలో ఇద్దరూ కనిపించేవారు. పిల్ల తన మొహం చూసుకోవాలి గానీ, అలవాటు కొద్దీ తండ్రి మొహమే చూసేది.

“నేను సాధించగలను.”

“నమ్మావా?”

“నమ్మాను నాన్నా.”

“నాకేం కనపళ్ళేదే! ఇంకాస్త గట్టిగా నమ్ము.”

బడి బస్సుకి ఆలస్యమైన రోజున, “నువ్వు వెళ్ళమ్మా, నేనంటాలే” అని ఆ మాట కూడా ఆయనే అనేసేవాడు. దాని ఫలితం చూడండి! పదిమందిలో నోరు మెదపని మనిషి, డిపో మేనేజర్ గదిలోకి వెళ్ళి, డ్యూటీ చార్టు తప్పని బల్లగుద్ది చెప్పి వచ్చాడు. మేనేజరు హడలిపోయి, “ఏమయ్యా, ఇవాళ నీకేమైంది?” అన్నాడట. ఆత్మవిశ్వాసం క్లాసు పనిచేయదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎక్కింది ఎవరికన్నదే తేడా.

చిట్టికి మాత్రం ఎక్కలేదు. ఆ సంగతి మొహం చూస్తే తెలిసిపోయేది.

చివరికి తల్లే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. “ఏమే చిట్టీ, అన్నీ వచ్చి కూడా ఎందుకు వదిలేశావే?”

చిట్టి తల వంచుకుంది. “కింద రోడ్డు మీద ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉన్నాడమ్మా. రెండు పొట్టి విజిళ్ళు వేస్తాడు. అది వినగానే నా చెయ్యి దానంతటదే పక్క ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఆపుదామనుకున్నాను. ఆగలేదు.”

నానమ్మ వీడియో కూడా ఆపేసింది.

“అనుకున్నాను,” అంది పెద్దావిడ. “కూడలి కదా, క్షణానికోసారి ఊదుతాడు. పాపం ఆ పిల్ల చెయ్యి ఎన్ని రోడ్లు దాటిందో!”

ఆ సాయంత్రమే పెద్దలంతా కూర్చున్నారు. నన్నూ పిలిచారు. విజిల్ పద్ధతే మానేద్దామని తల్లి నసిగింది. పెద్ద పరీక్ష ముంగిట్లో పద్ధతి మారిస్తే ఉన్నదీ పోతుందని కంట్రోలర్ గారు కొట్టిపారేశాడు. మధ్యలో చిట్టి వచ్చి, “నాన్నా, నేనొకటి అనుకుంటున్నాను...” అంది.

“నువ్వెందుకమ్మా అనుకోవడం? మేమున్నాంగా! వెళ్ళి చదువుకో, నీ సంగతి మేం చూసుకుంటాం.”

చిట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

కంట్రోలర్ గారు అప్పుడు తన నిర్ణయం చెప్పాడు. ఈ పెద్ద పరీక్ష కూడా ఇలాగే అయితే, చిట్టిని ఇంకో ఏడాది హాస్టల్లో వేసి మళ్ళీ రాయిస్తాడు. ఊరవతల ఉందిలెండి, ఆయన కంటికి ఆనిన హాస్టల్. అక్కడ విజిల్ కూడా కాదు, సైరనే. లేవడానికి సైరన్, తినడానికి సైరన్. కిటికీలకి జాలీ. ఫోన్లు లేవు, మొక్కలు లేవు. “అక్కడ పిల్లలు కల కనాలన్నా సైరన్ మోగాకే” అని ఆయన మురిసిపోతూ చెప్పాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు చాటున చిట్టి నీడ కదిలింది.

అదీ పాఠకులారా, ఆ పిల్ల ముందున్న దారి. రాస్తే మొక్కల చదువు. రాయలేకపోతే సైరన్.

కానీ తండ్రి ప్రాణం ఊరుకుంటుందా? కంట్రోలర్ గారు సెలవు పెట్టి, కూడలికి వెళ్ళి, ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని కలిశాడు. నేనూ తోడు వెళ్ళాను. విజిల్ వృత్తివాళ్ళు ఇద్దరు కలిస్తే చూడాలి! ముందు కుశల ప్రశ్నలు, తర్వాత ఒకరి విజిల్ ఒకరు చేతిలోకి తీసుకుని బరువు చూసుకోవడాలు.

“మాకు డిపోలో ఇత్తడివి ఇచ్చేవారండీ, ఇప్పుడన్నీ ప్లాస్టిక్కే,” అన్నాడు కంట్రోలర్ గారు. “మీతో ఓ చిన్న పని పడింది.”

“చెప్పండి సార్.”

“పెద్ద పరీక్ష రోజున మీరు తోచినప్పుడల్లా రెండు పొట్టి విజిళ్ళు వెయ్యకూడదు.”

“ఆ?”

“పొద్దున్న గంట కొట్టగానే ఒక పొడుగు విజిల్ చాలు. ఆ తర్వాత ఒక్కో జవాబుకీ ఎంతసేపో నేను రాసిస్తాను. మీరు అప్పుడే వెయ్యండి. మధ్యలో నోరు కట్టుకోండి, చాలు.”

కానిస్టేబుల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. “అయ్యా, ఇది నాలుగు రోడ్ల సెంటరు. మీ పాప మూడో జవాబు పూర్తిచేసేదాకా అంబులెన్సు ఆపమంటారా?”

“అంబులెన్సుకి కావాలంటే వేసుకోండి. ఆటోలకీ లారీలకీ ఎందుకండీ?”

“వాళ్ళకే కావాలి సార్! అంబులెన్సు నా మాట వింటుంది. ఆటోవాడు విజిల్ వేసినా వినడు. మీ అమ్మాయి ఒక్కతే వింటోంది, ఈ సెంటర్ మొత్తానికి!”

ఆ మాటకి నాకు కానిస్టేబుల్ మీద జాలేసింది. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి ఊదితే, ఒక్క ప్రాణి మాట విన్నది. అది రెండో అంతస్తులో పరీక్ష రాస్తోంది.

“పోనీ, వీలైనంతవరకూ చేత్తోనే ఆపుతాను లెండి. మీరు పెద్దవారు, అడిగారు కాబట్టి” అన్నాడు చివరికి.

పెద్ద పరీక్ష రోజు వచ్చింది. మొదటి పేపరు.

కంట్రోలర్ గారు చిట్టిని గేటు దాకా దింపి, ఎదురు ఫుట్‌పాత్ మీద, కిటికీ కనపడేచోట నిలబడ్డాడు. పక్కన నేను. ఆయన పెదవులు కదులుతున్నాయి, దేవుడి నామం. చెయ్యి మాత్రం జేబులో విజిల్ మీదే ఉంది. రెండు నమ్మకాలూ ఒకేసారి! మనందరమూ అంతే కదా. దేవుడి మీద భారం వేశాం అంటాం, వేసిన భారాన్ని ఒక చేత్తో పట్టుకునే ఉంటాం.

కానిస్టేబుల్ మాట నిలబెట్టుకున్నాడు. చేతులు తిప్పాడు, నడుం తిప్పాడు, నాట్యం చేసినంత పని చేశాడు. కాసేపటివరకూ అంతా సజావుగానే ఉంది. అప్పుడొచ్చింది ఇసుక లారీ! కూడలి మధ్యలో ఆగి, రివర్స్ తీసుకోబోయి, నాలుగు రోడ్లకీ అడ్డం తిరిగింది. హారన్లు మిన్నుముట్టాయి. కానిస్టేబుల్ మా వైపు ఓసారి దీనంగా చూశాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

ఇక చూడండి! రెండు పొట్టివి. మళ్ళీ రెండు పొట్టివి. మళ్ళీ!

ప్రతి విజిల్‌కీ కంట్రోలర్ గారు గుండె పట్టుకున్నాడు. “అయిపోయింది అన్నగారూ, రెండో ప్రశ్న వదిలేసుంటుంది... మూడోది వదిలేసింది... అయ్యో, అది దానికి బాగా వచ్చిన పాఠం!” లారీ కదిలేసరికి ఆయన లెక్క ప్రకారం చిట్టి ప్రశ్నపత్రం దాటిపోయి, పక్కపిల్ల పేపర్లో ఉంది. ఆయన ఫుట్‌పాత్ మీద కూలబడిపోయాడు. “సైరన్ హాస్టల్ వాళ్ళకి ఫోన్ చెయ్యాలి” అన్నాడు నీరసంగా.

గంట మోగింది. పిల్లలు బయటికొచ్చారు. చిట్టి కూడా వచ్చింది, తాపీగా, నీళ్ళ సీసా ఊపుకుంటూ.

“ఎలా రాశావమ్మా?”

“బాగా రాశాను నాన్నా.”

“ఎవరు చెప్పారు?”

చిట్టికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. “నేనే. అన్నీ పూర్తిచేశాను. ఇంకా టైం మిగిలితే మళ్ళీ ఒకసారి చదువుకున్నాను కూడా.”

“మరి ఆ విజిళ్ళో?”

చిట్టి జుట్టు వెనక్కి తోసుకుని, రెండు చెవుల్లోంచీ రెండు దూది ఉండలు తీసింది.

కంట్రోలర్ గారు ఆ దూది వైపు, ఎవరో తన డిపోలోంచి బస్సు తోలుకుపోయినట్టు చూశాడు. “ఎవరు పెట్టుకోమన్నారు?”

“ఎవరూ పెట్టుకోమనలేదు నాన్నా.”

“టీచరమ్మ చెప్పిందా? మీ నానమ్మా?”

“ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చదువుకుంటూ పెట్టుకుని చూశాను. పనిచేసింది. ఆ రోజు మీతో అదే చెబుదామనుకున్నాను. నా సంగతి మీరు చూసుకుంటామన్నారుగా!”

చూశారా ఎంత ఘోరమో! ఒక కుటుంబం, ఒక డిపో, ఒక కాన్ఫిడెన్స్ సార్, ఒక ట్రాఫిక్ కూడలి కలిసి మోసుకొస్తున్న పనిని, ఒక పిల్ల చిటికెడు దూదితో, ఎవరి అనుమతీ లేకుండా, తనంతట తానే తీర్చేసుకుంటుందా? ఇలాంటి పిల్లలు నాలుగు వీధులకి ఒకతె తయారైతే, మనలాంటి బాధ్యతగల పెద్దల గతేం కాను?

ఆ సాయంత్రం కంట్రోలర్ గారు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. టీ ఇస్తే చల్లారేదాకా పట్టుకునే ఉన్నాడు.

“రోజూ దేవుణ్ణి అడిగేవాణ్ణి అన్నగారూ. దానికి బుద్ధినివ్వు, ధైర్యాన్నివ్వు అని. ఇచ్చాడు, కాదన్ను. కానీ నాతో ఒక్క మాట చెప్పి ఇవ్వాలి కదా?”

నేనూ ఆలోచించాను. మనకి కాళ్ళూ కళ్ళూ బుర్రా అన్నీ ఇచ్చి, ఆ తర్వాత వెనకాల నిలబడి విజిల్ వెయ్యకుండా ఊరుకున్నాడు ఆ పైవాడు. పాపం, పిల్లల్ని ఎలా పెంచాలో ఆయనకి చెప్పిన క్లాసు లేదేమో! తప్పైతే ఆయనే క్షమించాలి, నాకొచ్చిన సందేహం అడిగాను.

మర్నాడు రెండో పేపరు. తలుపు తీసేసరికి ఎదురింట్లో అందరూ గుమ్మంలో ఉన్నారు. కంట్రోలర్ గారి అరచేతిలో కొత్త దూది. ఉండలు చుట్టింది ఆయనే. ఒక్క దూదిపోగు పైకి లేవకుండా, మాత్రల్లా గుండ్రంగా చుట్టాడు. తల్లి చేతిలో అదనంగా ఇంకో కట్ట.

“ముందు ఎడమ చెవికి పెట్టుకో. మెల్లగా తిప్పుతూ నొక్కాలి. మరీ లోపలికి వద్దు. గంట కొట్టకముందు పెట్టుకోకు. ఏదీ, ఒకసారి పెట్టి చూపించు!”

చిట్టి ఓపిగ్గా అంతా విన్నది. తండ్రి చేతిలోని ఉండలు భక్తిగా తీసుకుని, బ్యాగు పక్క జేబులో భద్రంగా వేసుకుంది. నానమ్మ కాళ్ళకి మొక్కింది. “నేను వెళ్ళొస్తాను నాన్నా. ఇవాళ బస్సులో ఒక్కదాన్నే వెళ్తాను” అని మెట్లు దిగింది. అడగలేదు. చెప్పింది.

కంట్రోలర్ గారు ఒక మెట్టు దిగి ఆగాడు. నేను మా బాల్కనీలోకి వెళ్ళి చూస్తే, వీధి మలుపులో చిట్టి తన చొక్కా జేబులోంచి తన దూది తానే తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుంటోంది. ఇంట్లో అంత శ్రద్ధగా చుట్టిన దూది ఉండగా, వేరే దూది! ఆ మాట నేను కంట్రోలర్ గారికి చెప్పలేదు. అంత కష్టం ఒకే పూట ఎందుకని.

నేను గుమ్మంలోకి తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటు లేని మనిషిలా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి నానమ్మ వీడియో వినిపిస్తోంది. ఆయన ఇల్లాలు పుస్తకం తెరిచి, చదివి వినిపించడానికి ఎవరూ లేక మూసేసింది.

“పరీక్షని ఇవాళా సెలవు పెట్టేశాను అన్నగారూ,” అన్నాడాయన నా వైపు తిరిగి. “సాయంత్రం దాకా నేనేం చెయ్యాలి?”

పేపరు చదువుకోమందామనుకున్నాను. అలా గుడి దాకా నడిచి రమ్మందామనుకున్నాను. చిట్టి మొక్కలకి నీళ్ళు పొయ్యమందామని కూడా నోటిదాకా వచ్చింది.

కానీ ఏమీ అనలేదు. ఎంతైనా పెద్దమనిషి. కాస్త ఆలస్యమైనా, తనంతట తనకే తోచనివ్వాలి కదా!